అయిదు డాలర్ల నోటు, అయిదు సెంట్ల బిళ్ళ

1933 సెప్టెంబరు చివర్లో సస్కాచువాన్ రాష్ట్రంలోని ఒక పల్లె నుంచి ఒక రైతు భార్య కెనడా ప్రధాని ఆర్.బి. బెన్నెట్‌కు ఉత్తరం రాశారు. ఇంతవరకూ ఎవరి ముందూ చెయ్యి చాచలేదని, చలికాలం ముంచుకొస్తున్నా భర్త ఒంటికి వెచ్చటి లోదుస్తులు లేవని, ఈటన్స్ దుకాణం కేటలాగు నుంచి అవి తెప్పించి పంపితే చాలని అందులో కోరారు. ఆ దుస్తులు వాళ్ళకు చేరాయి. ఆ ఏళ్ళలో బెన్నెట్‌కు ఇలాంటి ఉత్తరాలు లెక్కలేనన్ని వచ్చాయి. చాలా వాటికి ఆయన జవాబుతో పాటు ఒక అయిదు డాలర్ల నోటు పెట్టి పంపేవారు. ఆ సొమ్ము ఖజానాది కాదు, ఆయన సొంతం.

ఆ బెన్నెట్ ప్రభుత్వమే పెళ్ళికాని నిరుద్యోగ యువకులను ఊళ్ళకు దూరంగా శిబిరాల్లో పెట్టి, రోజుకు 20 సెంట్లు చేతిలో పోసింది. ఆయనకు ముందున్న ప్రధాని మెకెంజీ కింగ్ 1930 ఏప్రిల్ 3న పార్లమెంటులో మాట్లాడుతూ, తన ప్రత్యర్థి కన్సర్వేటివ్ పార్టీ పాలిస్తున్న రాష్ట్రాలకు నిరుద్యోగ సాయం కింద అయిదు సెంట్ల బిళ్ళ కూడా ఇవ్వనన్నారు. జులైలో ఆయన ఓడిపోవడానికి ఆ మాట కూడా ఒక కారణం. ఈ దృశ్యాలను పక్కపక్కన పెట్టి ఆనాటి పాలకులు రాతిగుండెలవాళ్ళని తేల్చేయడం సులభం. అనుభవించినవాళ్ళు అలా అనుకుంటే తప్పుపట్టలేం. అయితే ఇన్నేళ్ళ తర్వాత చదువుతున్న మనం ఇంకాస్త ఓపిక పట్టాలని నా అభిప్రాయం. సొంత జేబు నుంచి ఇవ్వగలిగిన మనిషి ఖజానా తాళం దగ్గరకు వచ్చేసరికి ఎందుకు ఆగిపోయాడు? అందుకు సరైన కారణాలు ఉండి ఉంటే, అంత ఆలస్యాన్ని అవి సమర్థిస్తాయా?

ముందు 1930ల ఆర్థిక మాంద్యం తెచ్చిన కష్టం ఎంతటిదో చెప్పుకోవాలి. అప్పటి కెనడా ఆదాయంలో దాదాపు మూడో వంతు ఎగుమతుల మీద ఆధారపడింది. అందులో అధికభాగం గోధుమలు, కలప, కాగితపు గుజ్జు, ఖనిజాలు. 1929 వేసవిలో డాలరున్నరకు పైగా పలికిన బుషెల్ గోధుమ (సుమారు 27 కిలోలు) 1932 డిసెంబరుకు 40 సెంట్ల కిందికి పడిపోయింది. 1930లో అమెరికా తన సుంకాలను ఒక్కసారిగా పెంచింది. దానికితోడు ప్రెయిరీ మైదానాల దక్షిణ భాగాన్ని ఏళ్ళ తరబడి కరువు పట్టింది. పైమట్టి గాలికి లేచిపోయింది. పశువులకు గడ్డి లేక ముళ్ళ కలుపుమొక్కలను కోసి మేపారు. పెట్రోలు కొనే స్తోమత లేక కారు ఇంజను తీసేసి గుర్రాలను కట్టిన రైతులు దానికి ‘బెన్నెట్ బగ్గీ’ అని పేరు పెట్టారు. 1933 నాటికి పనిచేయగలవారిలో నాలుగో వంతుకు పైగా నిరుద్యోగులు. దేశంలో దాదాపు అయిదుగురిలో ఒకరు ప్రభుత్వ సాయం మీద బతికారు.

కష్టం అందరికీ ఒకేలా రాలేదన్నది కూడా మరవకూడదు. ధరలు పడిపోవడంతో, ఉద్యోగం నిలబెట్టుకున్న గుమాస్తాకో ఉపాధ్యాయుడికో జీతం కొంత తగ్గినా బతుకు అంత చితికిపోలేదు. టొరంటోలోనో మాంట్రియల్‌లోనో స్థిరమైన జీతం వచ్చే ఇంటికీ, సస్కాచువాన్‌లో వరసగా నాలుగో ఏడు పంట పోయిన ఇంటికీ మధ్య మాంద్యం అన్న మాట ఒకటే ఉమ్మడి. ఆనాటి రాజకీయాల్లో ఒకరి మాట ఒకరికి అతిశయోక్తిలా వినిపించడానికి ఇది పెద్ద కారణం.

ఆదుకునే బాధ్యత ఎవరిది? 1867 నాటి బ్రిటిష్ నార్త్ అమెరికా చట్టం ప్రకారం పేదల పోషణ రాష్ట్రాల పని. రాష్ట్రాలు దాన్ని పురపాలక సంఘాలకు వదిలేశాయి. పురపాలక సంఘాలకు ఉన్న ఆదాయమల్లా ఇంటిపన్ను, స్థలం పన్ను. పని పోయినవాడు పన్ను కట్టలేడు. పన్ను రాకపోతే సంఘం సాయం చేయలేదు. వాంకూవర్ పక్కనున్న బర్నబీ 1932 చివర్లో దివాలా తీసి, ఎన్నికైన పాలకవర్గాన్ని పోగొట్టుకుని, ప్రభుత్వం నియమించిన కమిషనర్ చేతుల్లోకి పోయింది. అంటే బరువు ఎక్కువైన చోటే మోసే భుజాలు సన్నగా ఉన్నాయి.

అలాంటప్పుడు కేంద్రం పూనుకోవలసిందని ఇప్పుడు మనకు తోచడం సహజం. కానీ ఆనాడు వద్దన్నవాళ్ళ వాదనలు తీసిపారేసేవి కావు. మొదటిది అప్పు. మొదటి ప్రపంచ యుద్ధపు రుణం, దివాలా తీసిన రైలు కంపెనీలను జాతీయం చేసుకున్నప్పుడు నెత్తికెత్తుకున్న భారం అప్పటికే రాజధాని ఒట్టావాలోని కేంద్రం మీద ఉన్నాయి. పరపతి పోతే ఏమవుతుందో చూడటానికి దూరం వెళ్ళనక్కరలేదు. పక్కనే ఉన్న న్యూఫౌండ్‌లాండ్ అప్పటికి కెనడాలో భాగం కాదు, తన పార్లమెంటు తనకున్న డొమినియన్. అప్పుల వడ్డీ కట్టలేక 1934లో అది స్వపరిపాలననే వదులుకుని, లండన్ నియమించిన కమిషన్ పాలన కిందికి వెళ్ళింది. 1949లో కెనడాలో చేరేదాకా అక్కడి ప్రజలకు తమ ప్రభుత్వాన్ని తాము ఎన్నుకునే హక్కు తిరిగి రాలేదు. పద్దులు సరిచూసుకోవాలన్నవాళ్ళంతా పిసినారులని అనేముందు ఈ ఉదాహరణను తలుచుకోవడం న్యాయం.

రెండో వాదన అధికారాల గురించి. క్విబెక్‌లో ఫ్రెంచి భాష, కాథలిక్ మతసంస్థల మీద నిలిచిన సామాజిక జీవితం ఉంది. మాంట్రియల్‌లో పేదల సాయం చాలాకాలం చర్చి సంఘాల చేతుల మీదుగానే సాగింది. సాయం పేరుతో ఒట్టావా లోపలికి వస్తే తర్వాత బడికీ ఆసుపత్రికీ కూడా వస్తుందని అక్కడివారు జంకారు. ఆ జంకు మొత్తం నిరాధారమని ఎవరూ అనలేరు. సమాఖ్య అన్నాక, ఆపదలో ఇచ్చిన అధికారం ఆపద తీరాక వెనక్కి రావడం అరుదు.

ఇంత ఒప్పుకున్నా, ఆ జాగ్రత్తకు ఎవరు వెల చెల్లించారన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ప్రతి ఊరూ తన పద్దు తాను కాపాడుకోవడానికి స్థానిక నివాస నిబంధన పెట్టింది. కొంతకాలంగా ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళకే సాయం. పని వెతుక్కుంటూ గూడ్సు బండ్ల పైకెక్కి ఊరూరా తిరిగిన వేలాది యువకులు ఆ నిబంధన వల్ల ఏ ఊరికీ చెందకుండా పోయారు. సాయం దొరికినవాళ్ళకు కూడా చాలాచోట్ల డబ్బు కాక సరుకుల చీటీ ఇచ్చేవారు. దాంతో ఏం కొనాలో అధికారులే నిర్ణయించేవారు. దుకాణంలో ఆ చీటీ అందరి ముందూ తీయవలసి రావడం చాలామందికి ఆకలి కంటే ఎక్కువ బాధించింది. వాంకూవర్, కాల్గరీ వంటి చోట్ల చైనీయులకు తెల్లవారికి ఇచ్చేదానికంటే తక్కువ ఇచ్చారు. వచ్చి అయిదేళ్ళు నిండని వలసదారుడు సాయం అడిగితే, ప్రభుత్వానికి భారమయ్యాడన్న కారణంతో దేశం నుంచి పంపేయడానికి చట్టం వీలిచ్చింది. వేలమందిని అలా పంపేశారు. ఖర్చు తగ్గించుకోవాలన్న ఊరి కౌన్సిలర్‌కు ఎవరి మీదా పగ ఉండకపోవచ్చు. ఒక్కో కౌన్సిల్ నిర్ణయం విడిగా చూస్తే సమంజసంగానే ఉంటుంది. అన్నీ కలిసినప్పుడు ఏర్పడిన అమానుషత్వానికి మాత్రం జవాబుదారీ ఎవరో తేలలేదు.

శిబిరాల సంగతి కూడా రెండువైపులా చూడాలి. 1932 శరత్కాలంలో జనరల్ మెక్‌నాటన్ సలహా మీద రక్షణ శాఖ వాటిని తెరిచింది. పస్తులతో రైలు పట్టాల పక్కన పడుకునే కుర్రాడికి అక్కడ మూడు పూటలా తిండి, బట్టలు, పడక, వైద్యం దొరికాయి. ఎవరినీ బలవంతంగా చేర్చలేదు. వాళ్ళ శ్రమతో విమానాలు దిగే మైదానాలు, రోడ్లు వచ్చాయి. పాత కోటలకు మరమ్మతులు జరిగాయి. నాలుగేళ్ళలో సుమారు 1,70,000 మంది ఆ శిబిరాల్లో గడిపారు. ఆకలిని ఆపడమే కొలత అయితే శిబిరాలు విఫలం కాలేదు. కానీ బయటికి వెళితే సాయం దొరకదు కాబట్టి ఇష్టపూర్వకం అన్న మాటకు పెద్దగా అర్థం లేదు. 20 సెంట్లు జీతమూ కాదు, దానమూ కాదు. ఆ మనిషి శ్రమకు రాజ్యం కట్టిన వెల అంతేనని రోజూ గుర్తుచేసే ముద్ర. ఊళ్ళో అశాంతి రాకూడదని యువకులను ఒకచోట చేర్చారు. అలా చేర్చడం వల్లనే వాళ్ళు సంఘం పెట్టుకోగలిగారు. 1935 ఏప్రిల్‌లో బ్రిటిష్ కొలంబియా శిబిరాల్లోని వేలమంది పని మానేసి వాంకూవర్ చేరారు. జూన్ మొదట్లో వెయ్యిమందికి పైగా గూడ్సు బండ్లెక్కి ఒట్టావాకు బయల్దేరారు. రెజైనా దగ్గర వాళ్ళను ఆపారు. నాయకులు ఒట్టావా వెళ్ళి బెన్నెట్‌ను కలిస్తే అది తిట్లతో ముగిసింది. జులై 1న, దేశ అవతరణ దినాన, రెజైనా మార్కెట్ కూడలిలో సభ మీదికి పోలీసులు దిగడంతో కొట్లాట చెలరేగింది. ఒక డిటెక్టివ్ చనిపోయాడు. గాయపడిన యాత్రికుడొకరు తర్వాత కన్నుమూశారు.

ఆ యాత్రలో కమ్యూనిస్టుల పాత్ర ఉందన్న బెన్నెట్ మాట అబద్ధం కాదు. నాయకుడు ఆర్థర్ ఇవాన్స్ ఆ పార్టీ మనిషే. అయితే ఆ ఒక్క నిజంతో బెన్నెట్ మిగతా నిజాలన్నిటినీ కప్పేయాలనుకున్నారనిపిస్తుంది. వాళ్ళు అడిగింది పనికి తగ్గ కూలి. 1935 ఎన్నికల్లో శిబిరాలను విమర్శించి మళ్ళీ ప్రధాని అయిన కింగ్ 1936లో వాటిని మూసివేసి, యువకులను రైతుల దగ్గర పనికి కుదిర్చారు. నెలకు 5 డాలర్లు. లెక్కవేస్తే పాత 20 సెంట్లకూ దీనికీ పెద్ద తేడా లేదు. ప్రభుత్వం మారినంత మాత్రాన అన్నీ మారవనడానికి ఇదొక సాక్ష్యం. అయినా సైనికాధికారి కింద బతకడానికీ, ఒక రైతు ఇంట్లో భోజనబల్ల దగ్గర కూర్చోవడానికీ ఉన్న తేడా చిన్నదని నేను అనలేను.

పాత పార్టీల మీద విసుగు మాంద్యంతోనే మొదలుకాలేదు. 1919 మే, జూన్ నెలల్లో విన్నిపెగ్‌లో సుమారు 30,000 మంది సమ్మె చేశారు. అది నెత్తుటితో ముగిసింది. 1921లో రైతుల ప్రోగ్రెసివ్ పార్టీ పార్లమెంటులో రెండో పెద్ద పక్షంగా వచ్చింది. అదే ఏడు అల్బెర్టాలో యునైటెడ్ ఫార్మర్స్ అధికారం చేపట్టారు. మాంద్యం ఆ విసుగుకు రెండు కొత్త దారులు చూపింది.

ఒకటి విలియం అబెర్‌హార్ట్‌ది. కాల్గరీలో హైస్కూలు ప్రిన్సిపాల్, రేడియోలో బైబిలు బోధకుడు. మేజర్ డగ్లస్ అనే ఇంగ్లీషు ఇంజనీరు ప్రచారం చేసిన సోషల్ క్రెడిట్ సిద్ధాంతాన్ని ఆయన తన పద్ధతిలో జనానికి విప్పిచెప్పారు. సరుకు ఉండి కొనేవాడి చేతిలో డబ్బు లేదు కాబట్టి, పౌరుడికి నెలకు 25 డాలర్లు ఇవ్వాలన్నారు. 1935 ఆగస్టు 22న 63 స్థానాల్లో 56 గెలిచారు. యునైటెడ్ ఫార్మర్స్‌కు ఒక్కటీ దక్కలేదు. ఆర్థికవేత్తలు ఆ సిద్ధాంతాన్ని ఎంతగా కొట్టిపారేసినా, దానికి ఓటేసినవాళ్ళను అమాయకులనడం సరికాదు. గాదెల నిండా గోధుమలున్నా ఊళ్ళో పస్తులున్నాయన్న వైరుధ్యాన్ని వాళ్ళు కళ్ళారా చూశారు. ఆ వైరుధ్యాన్ని గురించి వాళ్ళ భాషలో మాట్లాడింది ఆయనొక్కడే. తనఖా భూములు వేలానికి పోకుండా ఆయన ప్రభుత్వం చేసిన చట్టాలు కొన్ని చెల్లకపోయినా, అప్పులిచ్చినవాళ్ళను కొంతకాలం వెనక్కి నెట్టగలిగాయి. 1938లో పెట్టిన ట్రెజరీ బ్రాంచీలు ఇప్పటికీ అల్బెర్టాలో బ్యాంకుగా నడుస్తున్నాయి.

కానీ ఆ 25 డాలర్లు ఎన్నడూ రాలేదు. 1936లో రాష్ట్రం బాండ్ల సొమ్ము చెల్లించలేక చేతులెత్తేసింది. ఇచ్చిన మాట చెల్లకపోయేసరికి, చెల్లలేదని రాసే పత్రికల మీదికి కోపం మళ్ళింది. 1937లో తెచ్చిన పత్రికల బిల్లు ప్రకారం ప్రభుత్వం చెప్పిన ‘సవరణ’ను పత్రికలు అచ్చువేయాలి, వార్త ఎవరిచ్చారో చెప్పాలి. మరుసటి ఏడు సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ పోరాటానికిగాను ఎడ్మంటన్ జర్నల్‌కు పులిట్జర్ ప్రత్యేక పురస్కారం వచ్చింది. దాదాపు అదే రోజుల్లో క్విబెక్‌లో మోరిస్ డుప్లెసిస్ ప్రభుత్వం, కమ్యూనిస్టు ప్రచారం జరుగుతోందని ఏ ఇంటికైనా తాళం వేయగల చట్టం చేసింది. కష్టకాలం ప్రజలకు గొంతునిస్తుంది. ఆ గొంతుతో గెలిచినవాళ్ళే ఇతరుల గొంతు నొక్కబోవడం ఆ కాలం చూపిన రెండో ముఖం.

రెండో దారి కోఆపరేటివ్ కామన్వెల్త్ ఫెడరేషన్‌ది. 1932లో కాల్గరీలో పుట్టింది. 1933 నాటి రెజైనా ప్రణాళికలో పెట్టుబడిదారీ వ్యవస్థను నిర్మూలించేదాకా ఆగబోమని ప్రకటించింది. ఆ వాక్యమే చాలామందిని భయపెట్టింది. 1935 ఎన్నికల్లో వచ్చింది ఏడు స్థానాలే. నాయకుడు జె.ఎస్. వుడ్స్‌వర్త్ విన్నిపెగ్ సమ్మెలో అరెస్టయిన మాజీ మతబోధకుడు. ఆయన చేసిన అతిపెద్ద పని మాత్రం ఆ నిర్మూలన వాక్యంతో సంబంధం లేనిది. 1926లో కింగ్ ప్రభుత్వానికి మెజారిటీ లేనప్పుడు, వుడ్స్‌వర్త్, ఎ.ఎ. హీప్స్ అనే ఇద్దరు కార్మిక సభ్యులు తమ ఓట్లకు బదులుగా వృద్ధాప్య పింఛను అడిగారు. మొదటిసారి సెనేట్ అడ్డుపడినా 1927లో చట్టమైంది. 70 దాటిన నిరుపేదలకు నెలకు 20 డాలర్ల దాకా. అర్హత పరీక్షలు కఠినం. ఆదివాసులను పక్కన పెట్టారు. అయినా సాయాన్ని దయ నుంచి చట్టంలోకి తెచ్చిన మొదటి పెద్ద అడుగు అదే. పెద్ద కలగన్నవాళ్ళు చిన్న బేరానికి సిద్ధపడటం వల్లనే అది వీలైంది. ఆ కలే లేకపోతే బేరమాడాలన్న పట్టుదల ఉండేదా అన్నది నేను ఖాయంగా చెప్పలేను.

బెన్నెట్ చివరికి కదిలారు. కేంద్ర బ్యాంకు పెట్టారు, గోధుమ బోర్డు పెట్టారు. 1935 జనవరిలో రేడియో ప్రసంగాలతో దేశాన్ని ఆశ్చర్యపరిచి, నిరుద్యోగ బీమా చట్టం తెచ్చారు. ఎన్నికలు దగ్గరపడ్డాక వచ్చిన మార్పును ఓటర్లు నమ్మలేదు. అక్టోబరులో కింగ్ ఘనంగా గెలిచారు. కింగ్ ఆ చట్టాన్ని అమలు చేయకుండా, చెల్లుతుందో లేదో తేల్చమని న్యాయస్థానానికి పంపారు. 1937 జనవరిలో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ చెల్లదంది. అది రాష్ట్రాల పరిధి అంది. బాధ్యత తప్పించుకోవడానికి కింగ్‌కు తీర్పు సాకుగా దొరికిందనేవారున్నారు. రాజ్యాంగం ఒప్పుకోని భవనాన్ని కట్టడం కంటే ముందు పునాది చూసుకోవడం నయమనేవారూ ఉన్నారు. రెండో వాదనకు ఆధారం ఉంది. కింగ్ రాష్ట్రాలన్నిటినీ ఒప్పించారు. 1940లో రాజ్యాంగాన్ని సవరింపజేశారు. ఆ ఏడే నిరుద్యోగ బీమా చట్టం వచ్చింది. దాన్ని ఎవరూ కోర్టులో పడగొట్టలేదు. ఈనాడు బ్రాంప్టన్‌లోనో కాల్గరీలోనో పనిచేసే మన తెలుగువారి జీతం చీటీలో కోతపడే ఎంప్లాయ్‌మెంట్ ఇన్సూరెన్స్ మొత్తం ఆ చట్టం వారసత్వమే.

అయితే 1940 నాటికే నిరుద్యోగాన్ని యుద్ధం తుడిచేయసాగింది. నిధికి చందాలు చేరడానికి అది మేలే చేసింది. కానీ 1933లో పని పోయినవాడికి ఆ పునాది గట్టిదనం ఏ విధంగానూ పనికిరాలేదు. గట్టిగా కట్టడం, సమయానికి కట్టడం రెండూ విలువలే అయినప్పుడు, రెండోదాన్ని పోగొట్టుకున్నవాళ్ళ బాధ మొదటిదాన్ని సాధించినవాళ్ళ గెలుపు కథలో కనబడకుండా పోతుంది. మన భారత రాజ్యాంగం సామాజిక భద్రత, బీమా, నిరుద్యోగాలను ఉమ్మడి జాబితాలో 23వ అంశంగా చేర్చింది. దానితో అన్నీ సర్దుకోలేదు. అది ఎవరి పరిధి అన్న తగువుతో ఏళ్ళు గడవకుండా మాత్రం తప్పింది.

ఇన్ని చూశాక నాకు తోచేది ఇంతమటుకే. అధికారాల హద్దులు తేలేదాకా ఆకలి ఆగదు కాబట్టి, తాత్కాలిక సాయం విషయంలో ఒట్టావా ఇంకా త్వరగా, ఇంకా ఉదారంగా ఉండవలసింది. 1930 నుంచి ఏటేటా గ్రాంట్లు ఇస్తూనే ఉంది గనుక దారి లేదని అనలేం. శాశ్వత ఏర్పాటు విషయంలో మాత్రం కింగ్ ఎంచుకున్న మెల్లని పద్ధతి తప్పని చెప్పడానికి నాకు మనసొప్పదు. క్విబెక్‌ను, అల్బెర్టాను కాదని పైనుంచి రుద్ది ఉంటే అది ఎంతకాలం నిలిచేదో తెలియదు. అందరినీ ఒప్పించడానికీ హద్దుంది. రాష్ట్రాల అప్పులను కేంద్రం తీసుకుని, వెనుకబడిన రాష్ట్రాలకు నిధులు సర్దాలని 1940లో రోవెల్-సిరోయిస్ కమిషన్ చెప్పింది. 1941 జనవరి సమావేశంలో అంటారియో, అల్బెర్టా, బ్రిటిష్ కొలంబియా ముఖ్యమంత్రులు ససేమిరా అన్నారు. రాష్ట్రాల మధ్య నిధుల సర్దుబాటు పద్ధతి 1957 దాకా రాలేదు.

మొదట్లో చెప్పిన సస్కాచువాన్ రైతు కుటుంబానికి 1940 బీమా చట్టం వర్తించేది కాదు. సేద్యం చేసుకునేవారిని, వ్యవసాయ కూలీలను, చేపలు పట్టేవారిని, ఇళ్ళల్లో పనిచేసేవారిని అది వదిలేసింది. వాళ్ళ కోసం ఒట్టావా వేరే పని చేసింది, పెద్దగా ఎవరూ గుర్తుపెట్టుకోనిది. 1935లో కరువు మైదానాల పునరుద్ధరణ సంస్థను పెట్టి, నీటి గుంటలు తవ్వించింది, నేల గాలికి పోకుండా పట్టీలుగా దున్నే పద్ధతి నేర్పింది. పనికిరాని పొలాలను ఊరుమ్మడి పచ్చిక బీళ్ళుగా మార్చింది. 1939లో ప్రెయిరీ రైతుల సహాయ చట్టం తెచ్చింది. రైతు అమ్మే ధాన్యం విలువలో నూటికి ఒక వంతు నిధికి జమ అయ్యేది. ఒక ప్రాంతంలో పంట ఇంతకంటే తగ్గితే ఎకరానికి ఇంతని రైతుకు చెల్లించేవారు. మొత్తం చిన్నదే. నిబంధనల్లో చిక్కులుండేవి. పక్కపక్క ప్రాంతాల రైతుల్లో ఒకరికి అంది ఒకరికి అందని సందర్భాలుండేవి. కానీ ఆ సొమ్ము కోసం ఏ రైతు భార్యా ప్రధానికి ఉత్తరం రాసి, భర్తకు లోదుస్తులు లేవని చెప్పుకోనక్కరలేకపోయింది.